మాస్టారి వాతావరణం: చల్లగాలి ఎప్పుడొస్తుంది?

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి అమెరికాలో డాలస్‌లో ఉంటున్నాడు. మొన్న ఫోన్ చేసి "రేపు కోల్డ్ ఫ్రంట్ వస్తోందమ్మా, ఒక్కసారిగా చల్లబడిపోతుంది" అన్నాడు. ఇక్కడ వినాయక చవితి వెళ్లినా ఉక్క తగ్గలేదు. రాత్రి కరెంటు పోతే పడుకోలేకపోతున్నాం. అలాంటిది మన వైపు రాదా?
– ఒక తల్లి, సోంపేట

జవాబు: రాదమ్మా. మీ అబ్బాయి చెప్పింది నిజమే గానీ అది అక్కడి నేల తీరు. కెనడా నుంచి టెక్సస్ దాకా దారికి అడ్డంగా కొండల వరస లేదు. రాకీ పర్వతాలు ఉన్నాయంటే అవి ఉత్తరం నుంచి దక్షిణానికి నిలువుగా ఉన్నాయి. అందుకని ఉత్తరాన పేరుకున్న చల్లగాలి శరదృతువు మొదట్లోనే నేలబారుగా కిందికి దూసుకొస్తుంది. చల్లగాలి బరువు, వేడిగాలి తేలిక. బరువుది కింద దూరి తేలికదాన్ని పైకి నెట్టేస్తే ఆ సరిహద్దు పొడవునా మబ్బులు లేచి ఉరుములతో వాన పడుతుంది. అది దాటగానే గాలి ఉత్తరం నుంచి వీచడం మొదలై ఆకాశం తేటపడుతుంది. ఒక్క రోజులో పది డిగ్రీలు పడిపోవడం వాళ్లకు కొత్త కాదు.

మనకు ఉత్తరాన హిమాలయాలు అడ్డంగా నిలబడ్డాయి. మధ్య ఆసియా చలి చాలావరకు అవతలే ఆగిపోతుంది. మన దగ్గర చల్లదనం గాలి మళ్లడంతో మెల్లగా వస్తుంది. నైరుతి రుతుపవనాలు పడమటి రాజస్థాన్ నుంచి మామూలుగా సెప్టెంబరు 17కి వెనక్కి తగ్గడం మొదలుపెట్టి, అక్టోబరు 15కల్లా దేశమంతా ఖాళీ చేస్తాయి. మన వంతు దాదాపు చివర్లో వస్తుంది. ఈలోగా మబ్బు విరిగి ఎండ కాస్తుంది. కింద నేల ఇంకా తడిగానే ఉంటుంది, చెరువులు నిండి ఉంటాయి, పక్కనే సముద్రం. ఇక చెమట ఎలా ఆరుతుంది?

బడిలో ఉన్న రోజుల్లో జెండా స్తంభానికి గుడ్డ పీలిక కట్టించి, పొద్దుటి గాలి ఎటు వీస్తోందో పిల్లల చేత రాయించేవాణ్ణి. జులైలో ఆ పీలిక ఈశాన్యం వైపు ఎగిరేది. దసరా సెలవులై వచ్చాక కొన్నాళ్లు ఎటూ కాకుండా వేలాడేది. తర్వాత ఒక పొద్దున చూస్తే దక్షిణానికో నైరుతికో తిరిగి ఉండేది, అంటే గాలి ఉత్తరం వైపు నుంచి వస్తోందన్నమాట. అలా తిరిగిన వారం పది రోజుల్లో తెల్లవారుజామున దుప్పటి వెతుక్కుంటాం.

మీరు సోంపేటలో ఉన్నారు కాబట్టి ఇంకో మాట కూడా చెప్పాలి. అక్టోబరులో చలి కన్నా ముందు బంగాళాఖాతం కబురు కనుక్కోండి. పైలిన్ తుఫాను 2013 అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి హుద్‌హుద్ విశాఖ మీద పడింది. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర దాటింది. గులాబ్ అయితే 2021లో సెప్టెంబరు 26నే కళింగపట్నానికి ఉత్తరంగా వచ్చేసింది. సముద్రం అప్పటికింకా వేడిగా ఉంటుంది. వానాకాలంలో కింద ఒక వైపు, పైన ఇంకో వైపు బలంగా వీచే గాలులు తుఫాను గోపురాన్ని నిలువునా లేవనివ్వవు. అక్టోబరులో ఆ గాలులు సడలుతాయి, అల్పపీడనానికి దారి దొరుకుతుంది.

తిత్లీ తర్వాత కవిటి వైపు వెళ్లాను. కొబ్బరి చెట్లు నడిమికి విరిగి, తలలన్నీ ఒకే వైపుకి పడి ఉన్నాయి. గెలలకు బొండాలు అలాగే ఉన్నాయి. జీడిచెట్లు వేళ్లతో సహా పెకలించుకుపోయాయి. కొబ్బరి మళ్లీ కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది. కొబ్బరి, జీడి తోటల మీద బతికే ఈ ఉద్దానం ప్రాంతపు రైతు ముఖం అప్పుడు చూసినవాళ్లెవరూ అక్టోబరుని తేలిగ్గా తీసుకోరు. టార్చి, మంచినీళ్లు, మందులు, కాగితాలు ఒక సంచిలో ఇప్పుడే సర్దిపెట్టుకోండి. మీ అబ్బాయికీ టెన్షన్ తగ్గుతుంది.

ప్రశ్న: శ్రీకాకుళం సన్నాల వరి వేశాను, పొట్టమీద ఉంది. ఫోన్‌కి "పసుపు హెచ్చరిక, అక్కడక్కడ భారీ వర్షం" అని వస్తోంది. మా ఊళ్లో చినుకు లేదు. వీటిని నమ్మి యూరియా ఆపుకోవాలా?
– ఒక రైతు, గార మండలం

జవాబు: ఆపుకో తమ్ముడూ. వాతావరణ శాఖ లెక్కలో "అక్కడక్కడ" అంటే జిల్లాలో నాలుగో వంతు చోట్లకు మించి పడదని. మిగతా మూడు వంతులకు పడకపోయినా సూచన తప్పు కాదు. "భారీ" అంటే 24 గంటల్లో సుమారు ఏడు నుంచి పదకొండు సెంటీమీటర్లు. అంత వాన నీ మడిలోనే పడితే చల్లిన యూరియా కాలవలో కలుస్తుంది. రెండు రోజులు ఆగితే చేనుకేం నష్టం లేదు. పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధపడమని, ఎరుపు అంటే పనిలోకి దిగమని. నారింజ వచ్చిందంటే గట్లకు గండ్లు పెట్టుకో. గాలివాన వెలిశాక ఆకు అంచులు ఎండుతూ వస్తే బాక్టీరియా ఎండాకు తెగులేమో రైతు సేవా కేంద్రంలో చూపించు. అది తేలేదాకా యూరియా లాంటి నత్రజని ఎరువుల జోలికి పోవద్దు. మేఘదూత్ యాప్‌లో మంగళ, శుక్రవారాల్లో జిల్లా సలహా వస్తుంది, తెలుగులోనే చదువుకోవచ్చు.

మన పెద్దలు "చిత్త చిత్తగించి, స్వాతి చల్లజేసి, విశాఖ విసరకుంటే అనూరాధలో అడిగినంత పండుతానంటుంది వరి" అన్నారు. ఇవన్నీ కార్తెల పేర్లు. నీ చేనుకి చిత్త కార్తెలో వాన మేలే. నేను భయపడేది విశాఖ కార్తె గాలికి. నవంబరులో కోసిన పనలు మడిలో ఉండగా వాయుగుండం కబురు వస్తే, ఆరలేదని చూస్తూ కూర్చోకుండా కుప్ప వేసి టార్పాలిన్ కప్పెయ్యి.

ప్రశ్న: పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి చంటిపిల్లతో విజయనగరం వెళ్దామనుకుంటున్నాం. ఆ రోజు వాన ఉంటుందా?
– ఒక పాఠకురాలు, చీపురుపల్లి

జవాబు: ఇన్ని రోజుల ముందు ఎవరూ చెప్పలేరమ్మా, చెప్పినా నమ్మకండి. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం కదా పండగ. ముందు శుక్రవారం అయిదు రోజుల సూచన చూడండి. సముద్రంలో వాయుగుండం లేదంటే సగం భయం తీరినట్టే. మిగిలింది సాయంత్రపు ఉరుముల వాన. పొద్దుటి నుంచి ఎండ మాడిపోయి, మధ్యాహ్నానికి పడమటి కొండల మీద మబ్బు ఎత్తుగా లేస్తే అది ఊరి మీదికి రావచ్చు. బయల్దేరే ముందు రాడార్ చూసి ఇచ్చే మూడు గంటల సూచన చూసుకోండి. సిరిమాను తిరిగేది మధ్యాహ్నం దాటాకే. జనంలో గొడుగు విప్పడానికి చోటుండదు కాబట్టి పిల్లకు టోపీ ఉన్న రెయిన్‌కోటు పట్టుకెళ్లండి. ఉరిమితే చెట్టు కిందికి మాత్రం పోకండి, దగ్గర్లో పక్కా ఇల్లో కొట్టో ఉంటే లోపలికి వెళ్లిపోండి.