జువాలజీ చదివితే మెదడు పరిశోధనకు వెళ్లొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మాయి నాగార్జున యూనివర్సిటీలో ఎమ్మెస్సీ జువాలజీ మొదటి సంవత్సరం. జంతువుల ప్రవర్తనకు మెదడులో కారణాలు వెతికే పరిశోధన చేస్తానంటోంది. బీఈడీ చేయమంటే వినదు. దీనికి డాక్టరీ చదివి ఉండాలి కదా?

జవాబు: అక్కర్లేదండి. న్యూరోసైన్స్ అనే ఈ మెదడు పరిశోధన రంగంలో చాలామంది పనిచేసేది ఈగలు, ఎలుకలు, చేపల మీదే. అరటిపండ్ల మీద ముసిరే చిన్న ఈగల సంగతే చూడండి. అవి ప్యూపా (పురుగు ఈగగా మారే గూడు దశ) నుంచి ఏ వేళకు బయటికొస్తున్నాయో రాన్ కొనోప్కా అనే పరిశోధక విద్యార్థి గమనించాడు. మామూలు ఈగల లోపలి గడియారానికి రోజంటే సుమారు 24 గంటలు. కొన్నింటికి 19 గంటలే, కొన్నింటికి 28, ఇంకొన్నింటికి అసలు వేళాపాళా లేదు. మూడింటికీ కారణం ఒకే జన్యువులో మార్పులని గైడ్ సీమోర్ బెంజర్‌తో కలిసి 1971లో ప్రకటించాడు. ఆ జన్యువు పనితీరు విప్పి చెప్పిన ముగ్గురికి 2017లో నోబెల్ వచ్చింది.

ఇక బీఈడీ చేయకపోతే బతుకుతెరువు ఎలా అన్న మీ టెన్షన్ సంగతి. సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష లైఫ్ సైన్సెస్‌లో రాసి జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000 ఇస్తారు. అదే నెట్ డిగ్రీ కాలేజీ లెక్చరర్ పోస్టుకూ పనికొస్తుంది కాబట్టి పడ్డ కష్టం వృథా పోదు. బీఈడీ తర్వాతైనా చేయొచ్చు. అయితే పీహెచ్‌డీకే ఐదారేళ్లు పడుతుంది, ఆపైన పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ అయ్యాక మరొకరి ల్యాబులో చేసే తాత్కాలిక పరిశోధన. సొంత ల్యాబ్ వచ్చేసరికి ముప్పై అయిదు దాటొచ్చు. ఈలోపు ఇంట్లో పెళ్లి మాట రాకుండా ఉండదు, ఆ విషయం ఇప్పుడే తేల్చుకోండి.

పరిశోధన సంస్థల్లో హర్యానా మానేసర్‌లోని ఎన్‌బీఆర్‌సీ (జాతీయ మెదడు పరిశోధన కేంద్రం), బెంగళూరులోని ఎన్‌సీబీఎస్, ఐఐఎస్‌సీ, జేఎన్‌సీఏఎస్‌ఆర్ మంచి చోట్లు. వాటికంటే ముందు సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్‌కు అప్లై చేయించండి. ఎంపికైతే ఓ ల్యాబులో రెండు నెలలు పనిచేయొచ్చు. ఈగల ల్యాబ్ అయితే మొక్కజొన్న పిండి, ఈస్ట్, అగార్ (గట్టిపరిచే జిగురు పదార్థం) కలిపి మేత ఉడకబెట్టాలి, సీసాలు కడగాలి. ఈగను సన్నటి గాజు గొట్టంలో పెడితే, మధ్యలోని ఇన్‌ఫ్రారెడ్ కిరణాన్ని అది దాటినప్పుడల్లా కంప్యూటర్ లెక్కేస్తుంది. అది నిద్రపోయేదీ లేచేదీ అలా తెలుస్తుంది. ఆ అంకెలు చూసి విసుగు పుడితే ఈ దారి మీ అమ్మాయిది కాదు.

బైపీసీ తీసుకున్న రోజే లెక్కల పీడ వదిలిందనుకుంటారు మన పిల్లలు. ఇక్కడ స్టాటిస్టిక్స్, కాస్త పైథాన్ అనే కంప్యూటర్ ప్రోగ్రామింగ్ భాష రాకపోతే కుదరదు. ఇక ల్యాబులో చోటు అడుగుతూ సైంటిస్టులకు మెయిల్ పెట్టడం అంటారా, ఒకే మెయిల్ నలభై మందికి పంపితే ఎవరూ పట్టించుకోరు. ఒకరి పేపర్ పూర్తిగా చదివి, అందులో అర్థంకాని ఒక్క విషయం అడగమనండి.