కారవాన్ కొని అద్దెకిద్దామంటున్న చిన్నాకి

చిన్నా,

నువ్వు పంపిన హాలిడే పార్కు కారవాన్ బ్రోషరు ఫోటోలు చూశాను. సోఫా బాగుంది, డెకింగ్, అదే ముందుండే చెక్క అరుగు, బాగుంది, డెకింగ్ మీద వాళ్లు పెట్టిన వైను గ్లాసు కూడా బాగుంది. ఆదివారం నువ్వు ఫోన్లో "పిన్నీ, 58 వేల పౌండ్లు, వారానికి 700 అద్దె, ఏడాదికి ముప్పై వారాలు, మూడేళ్లలో పెట్టుబడి తిరిగొచ్చేస్తుంది" అని గుక్కతిప్పుకోకుండా చెబుతుంటే ఆపబుద్ధి కాలేదు. 2014లో సముద్రతీరాన ఉన్న స్కెగ్‌నెస్ నుంచి తిరిగొస్తూ కారులో మీ బాబాయీ నేనూ అచ్చం ఇవే లెక్కలు వేసుకున్నాం. అందుకే రాస్తున్నా. ఫోన్లో అయితే నువ్వు నన్ను మాట్లాడనివ్వవు.

స్టాటిక్ కారవాన్ అంటే పార్కులో ఒకేచోట నిలిపి ఉంచే పెద్ద బండి, ఇల్లు కాదురా. చట్టం దృష్టిలో అది చరాస్తి, కారులాగే. అడుగున చక్రాలు ఉంటాయి, చుట్టూ పలకలు కొట్టేస్తారు కాబట్టి మనకు కనపడవు. దాని కింద నేల పార్కువాళ్లది. ఏటా సైట్ ఫీజు కడితేనే అది అక్కడ నిలబడుతుంది. మనవాళ్లకి "కొన్నాం" అనగానే ఊళ్లో స్థలం గుర్తొస్తుంది. మీ నాన్న భీమవరం దగ్గర కొన్న ఐదు సెంట్లు పదేళ్లు ముళ్లకంప మొలిచి పడున్నా ధర పెరిగింది. ఇది రోజూ తుడిచి పెట్టుకున్నా తరుగుతుంది. పైగా బండి పాతబడ్డాక పిచ్ మీద, అంటే అది నిలబడే జాగాలో, ఉంచనివ్వరు. చాలా పార్కుల్లో బండి అక్కడ ఉంచుకునే లైసెన్సు పదేళ్లో పదిహేనేళ్లో ఇరవయ్యేళ్లో ఉంటుంది. అది తీరాక తీసుకెళ్లిపో అంటారు. పన్నెండడుగుల వెడల్పున్న డబ్బాను నువ్వెక్కడికి తీసుకెళ్తావు? వాళ్లిచ్చిన ధరకి వాళ్లకే అప్పజెప్పడమే.

మా లెక్క చెబుతాను. నోటుపుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది, మీ బాబాయి నీలం పెన్నుతో ఆదాయం, నేను ఎర్ర పెన్నుతో ఖర్చు రాసేవాళ్లం. మాది కొత్తది కాదు, మూడేళ్లు వాడినది, 22 వేలకి కొన్నాం. అప్పు చెయ్యలేదు. అన్నిటికంటే బాగా నడిచిన ఏడాది 2019. వేసవి సెలవుల్లో ఆరు వారాలు, వారానికి 550 చొప్పున 3,300. ఈస్టరు, మే హాఫ్ టర్మ్, అక్టోబరు హాఫ్ టర్మ్ (బడికి టర్ము మధ్యలో ఇచ్చే వారం సెలవులు) కలిపి మూడు వారాలు, నాలుగేసి వందల చొప్పున 1,200. మూడు నాలుగు రాత్రుల చిన్న బుకింగులు ఎనిమిది, 180 లెక్కన 1,440. మొత్తం 5,940 పౌండ్లు. ఆ ఏడు మీ బాబాయి అందరికీ స్వీట్లు పంచాడు, నీకు గుర్తుండే ఉంటుంది.

ఇప్పుడు ఎర్ర పెన్ను. సైట్ ఫీజు 4,500. అద్దెకిచ్చే బండికి బీమా 260. గ్యాస్ బండలు, కరెంటు 620. మనిషిని పెట్టి శుభ్రం చేయించి దుప్పట్లు ఉతికించడం 17 సార్లు, సారికి 40 లెక్కన 680. ఏటా చేయించాల్సిన గ్యాస్ తనిఖీ 85. చలికాలంలో గడ్డకట్టి పగలకుండా గొట్టాల్లో నీళ్లు దింపి మళ్లీ ఎక్కించడానికి 120. కూడుకో. 6,265. బుకింగులన్నీ నిండిన ఏడాదిలోనే 325 పౌండ్లు మా చేతినుంచి పోయాయి. పోయిన కప్పులూ చిరిగిన కర్టెన్లూ ఇందులో లేవు.

దీనికి తరుగుదల కలుపు. 2022లో అమ్మేస్తే పార్కువాళ్లు ఇచ్చింది 4,500. ఎనిమిదేళ్లలో 17,500 కరిగింది, అంటే నెలకి 180 పైమాట. బయటివాళ్లకి అమ్ముకుందామంటే ధరలో 15 శాతం పార్కు కమిషను, పైగా కొనేవాడికి లైసెన్సు ఎన్నేళ్లు ఇస్తారో చెప్పరు. మూడేళ్లే మిగిలిన పిచ్ మీద బండి ఎవరు కొంటారు?

నీకు చెప్పిన ముప్పై వారాలు ఎక్కడివో నాకైతే తెలియట్లేదు. స్కెగ్‌నెస్, ఇంగోల్డ్‌మెల్స్ లాంటి చోట్లకి వచ్చేది పిల్లలున్న కుటుంబాలు. బడి సెలవులే నీ పంట. వేసవి ఆరు వారాలు, ఈస్టరు రెండు, మేలో ఒకటి, అక్టోబరులో ఒకటి. మహా అయితే పది. మన లెస్టర్ బళ్లకి వేసవి సెలవులు మిగతా ఊళ్లకంటే ముందే ఇస్తారు కాబట్టి జూలైలో ఇంకో వారం దొరుకుతుంది, ఆ కిటుకు నాకు మూడో ఏటికి గానీ తెలియలేదు. మిగతా రోజుల్లో రిటైరైనవాళ్లు వస్తారు, వారాంతాల్లో కుర్రాళ్లు వస్తారు, వాళ్లు బాగా తక్కువకి అడుగుతారు. పార్కు కూడా ఏడాది పొడుగునా తెరిచి ఉండదు. మాది జనవరి, ఫిబ్రవరి మూత. అన్నట్టు, మీ ఇల్లు అద్దెకిచ్చి కొన్నాళ్లు కారవాన్లో ఉండొచ్చు కదా అని మీ ఆవిడ అందట. కుదరదు. హాలిడే పార్కులో అదే స్థిరనివాసంగా ఉండకూడదు. వేరే ఇంటి చిరునామాకి రుజువు అడుగుతారు.

ఇంకొకటి. రెసిడెన్షియల్ పార్కుల్లో, అంటే స్థిరంగా కాపురం ఉండే పార్కుల్లో, బండ్లున్నవాళ్లకి 1983 నాటి మొబైల్ హోమ్స్ చట్టం అండ ఉంది. అమ్మకం కమిషను పది శాతం మించకూడదన్న పరిమితి కూడా వాళ్లకే. హాలిడే పార్కులో మనకి ఆ అండ లేదు, చేతిలో ఉన్న అగ్రిమెంటే దిక్కు. అందులో సైట్ ఫీజు ఎలా పెంచుతారో రాసిన పేరా రెండుసార్లు చదువు. మాకు మొదటి ఏడాది 3,800, అమ్మే ఏడాది 5,400 పౌండ్లు.

2020 గురించి ఒక్క ముక్క. మార్చి 23న లాక్‌డౌన్ పెట్టారు, ఇంగ్లండులో పార్కులు జూలై 4 దాకా తెరవలేదు. ఈస్టరు పోయింది, మే పోయింది, తీసుకున్న అడ్వాన్సులన్నీ తిరిగిచ్చాం. సైట్ ఫీజులో మాత్రం మా పార్కువాళ్లు తగ్గించింది ఏ మూలకీ రాలేదు. నాకు ఆ కోపం ఇంకా పోలేదు.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. 2018లో మార్చి ఒకటికి తెరుస్తున్నారు కదా అని ఫిబ్రవరి చివరి వారంలోనే వెళ్లి నీళ్లు ఎక్కించేశాం. సరిగ్గా అప్పుడే ఆ తూర్పు చలిగాలి వచ్చిపడింది. పదిరోజుల తర్వాత తలుపు తీస్తే కార్పెట్ కాలి కింద పచక్‌పచక్‌మంది. బాయిలర్ వెనకాల వేలెడంత గొట్టం, పొడుగూతా చీలి, వేరుశెనక్కాయ విప్పినట్టు రెండుగా తెరుచుకుంది. నవంబరు నుంచి మార్చి మధ్యదాకా నీళ్లు దింపి ఉంచాలని బీమా కాగితంలో ఉంది, మేం చదవలేదు. పైసా ఇవ్వలేదు. తడి చెక్క వాసన జూన్ దాకా పోలేదు, లోపల ఎంత సాంబ్రాణి వేసినా.

దూరం కూడా చూసుకో. మేం లెస్టర్ నుంచి రెండు గంటల పైచిలుకు. దారిలో బోస్టన్ అనే ఊరి చుట్టుపక్కల క్యాబేజీ పొలాల మధ్య ట్రాక్టరు వెనకాల ఇరుక్కుంటే మూడు. పది గంటలకి ఒకళ్లు ఖాళీ చేస్తే నాలుక్కి ఇంకొకళ్లు దిగుతారు. ఆ మధ్యలో షవర్ ట్రేలో ఇసుక, పరుపు కింద చిప్స్ పొట్లాం, ఆగిపోయిన బాయిలరు. శుభ్రం చేసే ఆవిడ రాలేనన్న రోజున నేను డ్యూటీ దిగి తెల్లారగట్ల బయల్దేరిన సందర్భాలున్నాయి. నువ్వు మిల్టన్ కీన్స్ నుంచి వెళ్లాలి.

పన్నులో రాయితీలు ఉన్నాయని ఆ పార్కు సేల్స్ మనిషి నీకు చెప్పింది పాత పాట. సెలవు ఇళ్ల అద్దెకి ఉన్న ప్రత్యేక రాయితీలు 2025 ఏప్రిల్ 6 నుంచి లేవు. ఏడాదికి వెయ్యి పౌండ్ల దాకా అద్దె ఆదాయానికి మినహాయింపు ఉంది, దాటితే పన్నువాళ్లకి చెప్పాలి. ఇంటికిచ్చే మార్ట్‌గేజ్ దీనికివ్వరు. వాళ్లు ఇప్పిస్తామంటున్నది కారు ఫైనాన్సు లాంటిది, వడ్డీ ఎంతో చూశాక మళ్లీ నాతో మాట్లాడు.

అయితే ఎవరూ కొనకూడదా అంటావు. కొనొచ్చు. గంట దూరంలో ఉండి, అప్పు లేకుండా, పాతది చౌకలో తీసుకుని, సెలవుల్లో తామే ఉండి, ఖాళీ వారాలు అద్దెకిచ్చి సైట్ ఫీజులో సగమైనా రాబట్టుకునేవాళ్లకి బాగానే ఉంటుంది. మా పిల్లలు సైకిలు తొక్కడం అక్కడే నేర్చుకున్నారు. మీ బాబాయి గాలికి డెకింగ్ మీద గొడుగు ఎగిరిపోకుండా పట్టుకుని కూచుని, పక్క కారవాన్ వాళ్లకి మిరపకాయ బజ్జీలు తినిపించేవాడు. ఆ వేసవులకి ఖర్చయిందనుకుంటే నాకు ఏ బాధా లేదు. పెట్టుబడి అనుకున్నప్పుడే కడుపు మండేది.

ఇంకా మనసు లాగుతుంటే ఒక పని చెయ్యి. అడ్వాన్సు కట్టేలోపు నవంబరులో ఒక మంగళవారం సాయంత్రం ఆ పార్కుకి వెళ్లు. ఎన్ని కిటికీల్లో దీపాలున్నాయో లెక్కపెట్టు. కారు కడుక్కుంటూ కనపడ్డ ఓనరుని ఎవరినైనా పలకరించి గత ఐదేళ్ల సైట్ ఫీజులు అడుగు, వాళ్లు గుక్కతిప్పుకోకుండా చెబుతారు. సొంతంగా అద్దెకిచ్చుకోనిస్తారా, తమ ద్వారానే ఇవ్వాలంటారా, బండి ఏ వయసుకి తీసెయ్యాలి, అమ్మితే కమిషనెంత, ఈ నాలుగూ ఆఫీసులో అడిగి కాగితం మీద రాయించుకో. నోటిమాటగా చెప్పినదాన్ని నమ్మకు.

ఈ శనివారం వెళ్లి సంతకం పెట్టకు. మా పక్క పిచ్ ఆవిడ ఇంకా తన బండి అద్దెకిస్తూనే ఉంది. మే హాఫ్ టర్మ్‌కి ఒక వారం మీ కోసం అడిగి ఉంచుతాను, ఉండి చూడండి. దుప్పట్లు మీరే తెచ్చుకోవాలి, తువ్వాళ్లు కూడా.

ప్రేమతో,
పిన్ని