మొహమాటం పక్కన పెట్టి, ముందే మెయిలు పెట్టు

చి.ల.సౌ. శ్రావణికి,

పెద్దమ్మ దీవించి రాయునది.

ఈ ఫాల్ సెమిస్టర్‌కి కమ్యూనిటీ కాలేజీలో చైల్డ్ డెవలప్‌మెంట్ కోర్సులు రెండు తీసుకున్నావనీ, రెండూ ఆన్‌లైనేననీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. హెచ్-4 మీద, అంటే భర్త ఉద్యోగ వీసాకి అనుబంధంగా ఇచ్చే వీసా మీద, వచ్చి ఇంట్లోనే ఉండిపోయిన మన ఆడపిల్లలకి కాలిఫోర్నియాలో ఇంతకంటే మంచి దారి నాకు కనిపించలేదు. 3 యూనిట్ల కోర్సులు నాలుగు, అంటే 12 యూనిట్లు సరైనవి పూర్తిచేస్తే లైసెన్సున్న ప్రీస్కూల్లో టీచరుగా చేరడానికి కావలసిన చదువు చేతికొస్తుంది. ఈలోగా అల్లుడుగారి ఐ-140, అంటే గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే దరఖాస్తు, అప్రూవ్ అయితే ఈఏడీకి, అంటే ఉద్యోగం చేసే అనుమతికి, అప్లై చేసుకోవచ్చు. ఫీజు సంగతి ఒకసారి సరిచూసుకో. ఈ రాష్ట్రంలో ఏడాది పైన ఉండి రెసిడెంటుగా లెక్కకొస్తే యూనిట్‌కి 46 డాలర్లే. హెచ్-4 వాళ్ళకి రెసిడెన్సీ రాదనుకుని, నాన్-రెసిడెంట్ ఫీజు చూసి వెనక్కి తగ్గినవాళ్ళు నాకు తెలుసు. వస్తుందమ్మా. కాగితాలు పట్టుకెళ్ళి అడ్మిషన్స్ ఆఫీసులో అడగాలి.

చదువు విషయంలో నీకు నేను చెప్పేదేమీ లేదు. బీటెక్ చదివినదానివి. నేను రాస్తున్నది రూల్స్ గురించి. రిటైరయ్యాక ఇక్కడ కాలేజీ ట్యూటరింగ్ సెంటర్‌లో సాయం చేస్తున్నాను కదా, అక్కడ మనవాళ్ళు కోర్సులు పోగొట్టుకోవడం కళ్ళారా చూస్తున్నాను. పాఠం అర్థంకాక పోగొట్టుకున్నవాళ్ళు తక్కువ. చెప్పాల్సిన మాట చెప్పాల్సిన రోజున చెప్పక పోగొట్టుకున్నవాళ్ళే ఎక్కువ. "మేడమ్ ఏమనుకుంటారో" అన్న మొహమాటం మనకి పుట్టుకతో వచ్చింది. ఇక్కడి కాలేజీ రూల్స్‌లో ప్రతి కష్టానికీ ఒక వెసులుబాటు ఉంటుంది కానీ దాదాపు ప్రతి వెసులుబాటుకీ ఒక గడువు తేదీ ఉంటుంది. గడువు దాటాక వెళ్తే ఎంత మంచివాళ్ళైనా చెయ్యగలిగింది తక్కువ.

మొదటి వారం గురించి ముందు చెప్తాను, అది అన్నిటికన్నా ముఖ్యం. కోర్సంతా కాన్వాస్ అనే వెబ్‌సైటులో ఉంటుంది. ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలన్నీ అదే వాడతాయి. కోర్సు తెరుచుకున్న రోజే లోపలికి వెళ్ళు. వెళ్ళి చూసి వచ్చేస్తే చాలదు. లాగిన్ అయినంత మాత్రాన హాజరు కింద లెక్క కాదని ఫెడరల్ నిబంధనల్లోనే రాసి ఉంది. అసైన్‌మెంట్ ఇవ్వాలి, క్విజ్ రాయాలి, చర్చలో పాఠం గురించి నాలుగు మాటలు రాయాలి, లేదా పాఠం మీద టీచర్‌ని ప్రశ్న అడగాలి. అవే హాజరు. అందుకే మొదటి వారంలో "మీ పరిచయం రాయండి" అనో, సిలబస్ మీద చిన్న క్విజ్ అనో పెడతారు. చిన్నపిల్లల పనిలా అనిపించి, ఆదివారం చూద్దాంలే అనుకుంటారు మనవాళ్ళు. బుధవారానికో శుక్రవారానికో పేరు ఎగిరిపోతుంది, వెయిట్‌లిస్టులో ఉన్నవాళ్ళకి సీటు వెళ్ళిపోతుంది. ఇంత కఠినం ఎందుకంటే, ఆర్థిక సాయం డబ్బు కాజెయ్యడానికి దొంగ పేర్లతో ఆన్‌లైన్ క్లాసుల్లో చేరే ముఠాలు ఇక్కడ పెద్ద బెడదైపోయాయి. క్లాసులో పేరున్నది నిజంగా మనిషేనా అని టీచర్లు మొదట్లోనే తేల్చుకోవాలి. సెన్సస్ తేదీ, అంటే కోర్సులో ఐదో వంతు గడిచే రోజు, రాకముందే రానివాళ్ళని తీసెయ్యడం వాళ్ళ బాధ్యత కూడా.

అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో మీ అమ్మ డిగ్రీ చేసిన పద్ధతి మనసులో పెట్టుకోకు. అక్కడ పుస్తకాలు తెచ్చుకుని తమ వీలుని బట్టి చదువుకుని ఏడాది చివర పరీక్ష రాసేవాళ్ళు. ఇక్కడ ప్రతి వారం పని ఉంటుంది, ప్రతి వారానికీ మార్కులుంటాయి. 3 యూనిట్ల కోర్సంటే వారానికి 3 గంటల పాఠం, దానికి రెట్టింపు సొంతంగా చేసే పని, మొత్తం 9 గంటలు. అదే కోర్సు 8 వారాల్లో ముగిసే రకమైతే ఒక్కదానికే వారానికి 18 గంటలు కావాలి. ఇంట్లో ఉంటూ చేసుకోవచ్చు కదా అని ఈ లెక్క వెయ్యనివాళ్ళే నాలుగో వారానికి టెన్షన్ పడుతూ మా దగ్గరికి వస్తారు.

ఇప్పుడు నీ సంగతి. డెలివరీ నవంబరు మొదటి వారం అన్నారట. నువ్వు తీసుకున్న రెండు కోర్సులూ ఆగస్టు నుంచి డిసెంబరు దాకా నడిచేవే అయితే, నా మాట విని ఒకటి మార్చుకో. ఆగస్టులో మొదలై అక్టోబరులో ముగిసే 8 వారాల సెక్షన్ ఒకటి ఉందేమో చూడు. అదొక్కటి తీసుకుని, కాన్పు ముందే పూర్తిచేసి, రెండోది స్ప్రింగ్‌కి పెట్టుకో. అక్టోబరు మధ్యలో మొదలయ్యే లేట్ స్టార్ట్ సెక్షన్ మాత్రం ఈసారి ముట్టుకోవద్దు. మార్చుకునే పని రిఫండ్ గడువు లోపలే చెయ్యి. పూర్తి సెమిస్టర్ కోర్సుకి రెండో వారం దాకా టైముంటుంది కానీ, చిన్న కోర్సులకి పదో వంతు గడిచేసరికే, అంటే నాలుగైదు రోజుల్లోనే, ఆ గడువు అయిపోతుంది.

లేదు, డిసెంబరు దాకా నడిచేదే ఉంచుకుంటానంటావా, అప్పుడు ఈ తేదీలు ఫ్రిజ్ మీద అంటించుకో. సెన్సస్ లోపు మానేస్తే ట్రాన్స్‌క్రిప్ట్ మీద ఏ గుర్తూ ఉండదు. ఆ తర్వాత కోర్సులో ముప్పాతిక గడిచేదాకా మానుకోవచ్చు, కానీ డబ్ల్యూ, అంటే మధ్యలో మానేశారన్న గుర్తు, పడుతుంది. డబ్ల్యూ వల్ల జీపీఏ తగ్గదు. అయితే పదే పదే పడితే ప్రొబేషన్‌లో, అంటే చదువు సరిగ్గా సాగడం లేదన్న హెచ్చరిక కింద, పెడతారు. ముప్పాతిక దాటాక చెప్పాపెట్టకుండా ఆగిపోతే దాదాపుగా ఎఫ్, అంటే ఫెయిల్, ఖాయం. ఆ ముప్పాతిక తేదీ సరిగ్గా నవంబరు మధ్యలో పడుతుంది, అప్పటికి నీ చేతిలో పసిబిడ్డ ఉంటుంది. ఆ రోజు క్యాలెండర్ చూసే ఓపిక నీకుండదు, అల్లుడుగారికి అప్పజెప్పు. డాక్టరు సర్టిఫికెట్‌తో ఈడబ్ల్యూ (తప్పని కారణంతో మానేశారన్న గుర్తు) అనే వేరే మినహాయింపు కూడా అడగొచ్చు, దాన్ని ప్రొబేషన్ లెక్కలో కలపరు. అది ఒక ఫారమ్, మనం అడిగితేనే ఇస్తారు.

ఇంకా పెద్ద సంగతి ఉంది. టైటిల్ నైన్ అని, చదువుల్లో ఆడా మగా తేడా చూపకూడదన్న 1972 నాటి చట్టం. దాని ప్రకారం గర్భం, కాన్పు, ఆ తర్వాత కోలుకోవడం, వీటికోసం కాలేజీ డాక్టరు అవసరమన్నన్ని రోజులు సెలవిచ్చి, తిరిగొచ్చాక నిన్ను మునుపటి స్థితిలోనే కొనసాగనివ్వాలి. ఆన్‌లైన్ కోర్సు కాబట్టి గడువులు ఎలా సర్దాలన్నది కాలేజీలో టైటిల్ నైన్ కోఆర్డినేటర్, మీ టీచరు, నువ్వు కలిసి మాట్లాడుకుంటారు. ఇది నీ హక్కు, టీచరు దయ మీద ఆధారపడిన విషయం కాదు. కానీ సెప్టెంబరులోనే చెప్పి ఉంచాలి. మొన్నటి ఏడు ఒక అమ్మాయి ఆసుపత్రి నుంచి వచ్చిన మూడు వారాలకి, గ్రేడ్లు పడ్డాక, మా దగ్గరికి వచ్చి ఏడ్చింది. "ముందే చెప్తే చదువు మీద శ్రద్ధ లేదనుకుంటారేమోనని చెప్పలేదాంటీ" అంది. ఆ పిల్ల మార్కులు అప్పటిదాకా అన్నీ ఏ గ్రేడ్లే.

మెయిలు ఎలా రాయాలో చెప్తాను. కాన్వాస్ ఇన్‌బాక్స్ నుంచే పంపు, లేకపోతే కాలేజీ ఇచ్చిన ఐడీ నుంచి పంపు. సొంత జీమెయిల్ నుంచి రాస్తే అది నువ్వేనో కాదో వాళ్ళకి తెలియదు, జవాబివ్వకపోవచ్చు. పైన కోర్సు పేరు, సెక్షన్ నంబరు ఉండాలి. మొదటి వాక్యంలో విషయం: నవంబరు మొదటి వారంలో కాన్పు ఉంది. రెండో వాక్యంలో ఏ వారాల పని ఇబ్బందవుతుందో, సిలబస్ చూసి పేర్లతో సహా. మూడో వాక్యంలో నీ ప్లాన్: ఫలానా రెండు పనులు ముందే ఇస్తాను, ఫలానా దానికి ఇన్ని రోజులు గడువు కావాలి. టైటిల్ నైన్ ఆఫీసుకి కూడా రాశానని ఒక మాట. అంతే. క్షమాపణలతో పేరా నింపొద్దు, ఇంటి కష్టాలన్నీ చెప్పొద్దు. రెండు పనిరోజుల్లో జవాబు రాకపోతే మర్యాదగా మళ్ళీ రాయి. టీచరు విద్యార్థుల కోసం కేటాయించే ఆఫీస్ అవర్స్‌లో జూమ్‌లోకి వెళ్ళి మొహం చూపించు. నియమాలు నీకు మాత్రమే కాదు, వాళ్ళకీ ఉన్నాయి. ఆన్‌లైన్ కోర్సులో టీచరు విద్యార్థులతో క్రమం తప్పకుండా, పాఠానికి సంబంధించి సంభాషించి తీరాలని ఫెడరల్ నిబంధన. వారాల తరబడి టీచరు అయిపు లేకపోతే డీన్‌కి రాయడంలో తప్పేమీ లేదు.

చర్చల్లో రాసే పోస్టులు తేలిగ్గా తీసుకోకు. సాధారణంగా గురువారానికి నీ పోస్టు, ఆదివారం లోపు ఇంకో ఇద్దరికి జవాబులు అడుగుతారు. "బాగా రాశారు, నేనూ ఒప్పుకుంటాను" అని రాస్తే సున్నా వేస్తారు. ఎవరో అమ్మాయి రెండేళ్ళ పిల్లవాడి మారాం గురించి రాసిందనుకో. ఆ వారం చదివిన అధ్యాయంలో ఆ వయసు పిల్లల గురించి ఏముందో చెప్పి, మన ఉమ్మడి కుటుంబాల్లో అమ్మమ్మో తాతయ్యో ఆ మారాన్ని ఎలా దారిలో పెడతారో రాసి, చివర ఒక ప్రశ్న అడుగు. నీ దగ్గరున్న అనుభవం ఆ క్లాసులో ఇంకెవరి దగ్గరా ఉండకపోవచ్చు, సిగ్గుపడకుండా వాడుకో. పిల్లల్ని గమనించి రాసే అసైన్‌మెంట్లు కూడా ఉంటాయి. తల్లిదండ్రుల అనుమతి ముందే తీసుకో. పిల్లవాడి అసలు పేరు, ఫోటో పెట్టొద్దు. పక్కింటి తెలుగువాళ్ళ పిల్లాడే అయినా సరే.

ఇక కాపీ సంగతి. బీటెక్‌లో రికార్డులు ఒకరివి చూసి ఒకరు రాసుకోవడం మనకి స్నేహంలో భాగం. ఇక్కడ దాన్ని నిజాయితీ లేకపోవడం కింద రాసుకుంటారు. సున్నా వేసి, డీన్‌కి రిపోర్టు చేస్తారు. మన ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులు ఏ కోర్సు బావుంటుంది, పుస్తకం ఎక్కడ చవక అని చెప్పుకోవడానికి ఎంతో మంచివి. క్విజ్ ప్రశ్నల స్క్రీన్‌షాట్ ఎవరైనా పెడితే మాత్రం తెరవకుండా డిలీట్ చేసి, ఇలాంటివి పెట్టొద్దని గ్రూపులో రాసెయ్యి. లాగిన్, పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకు. నీకు నీరసంగా ఉందని అల్లుడుగారు నీ క్విజ్ పూర్తిచేసినా అది నీ మెడకే చుట్టుకుంటుంది. చేరినది, పని చేస్తున్నది ఒకే మనిషని కాలేజీ నిర్ధారించుకోవాలని కూడా నిబంధన ఉంది. కొన్ని పరీక్షలకి కెమెరా, ఐడీ అడుగుతారు. ఆ సాఫ్ట్‌వేర్ పరీక్ష రోజున కాదు, వారం ముందే ఇన్‌స్టాల్ చేసి ప్రాక్టీస్ క్విజ్ రాసి చూసుకో.

ఏఐ విషయంలో ఒక్కో టీచరుది ఒక్కో రూల్, సిలబస్‌లో ఉంటుంది. మనం తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాస్తాం కాబట్టి, చాట్‌జీపీటీతో సరిచేయించుకోవాలనిపించడం సహజం. వాక్యం దిద్దించుకోవచ్చా, అనువాదం చేయించుకోవచ్చా అని ముందే అడుగు. ఏదైనా గూగుల్ డాక్స్‌లోనే రాసుకో. ఏ రోజు ఏం రాశావో దానిలో చరిత్ర ఉంటుంది. రేపెప్పుడైనా ఇది నీ రాత కాదేమో అని అడిగితే, అదే నీ సాక్ష్యం. ఇంగ్లీషులో చిన్న తప్పులున్నాయని మార్కులు పోతే పోనీ, నీ సొంత మాటల్లోనే రాయి.

క్రిస్మస్ ముందు ఇండియా వెళ్ళే ఆలోచన ఈసారి నీకు లేదు కానీ, తర్వాతెప్పుడైనా వెళ్తే గుర్తుంచుకో. ఇక్కడి రాత్రి 11:59 అంటే హైదరాబాద్‌లో మర్నాడు మధ్యాహ్నం, వేసవిలో 12:29, చలికాలంలో 1:29. కాన్వాస్ సెట్టింగ్స్‌లో టైమ్ జోన్ మార్చుకుంటే గడువు అక్కడి టైములోనే చూపిస్తుంది. మీ ఆడపడుచు ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉందట కదా, తనకి నీ దారి నప్పదని చెప్పు. ఎఫ్-1 వాళ్ళకి ఒక టర్మ్‌లో పూర్తి చదువు లెక్కకి ఒక్క ఆన్‌లైన్ కోర్సు, 3 యూనిట్ల వరకే పనికొస్తుంది. ఏదైనా డీఎస్‌ఓని, అంటే కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారిని, అడగకుండా చెయ్యొద్దు.

ఇంకొకటి. నీ మార్కుల గురించి అల్లుడుగారు ఫోన్ చేసినా, మీ నాన్న మెయిలు రాసినా కాలేజీ వాళ్ళు చెప్పరు. 1974 నుంచి ఉన్న ఫెర్పా చట్టం ప్రకారం ఆ వివరాలు నీవి. కాన్పు సమయంలో నీ తరఫున ఆయన మాట్లాడాల్సి వస్తుందనుకుంటే, దానికి ఒక అనుమతి ఫారమ్ ఉంటుంది. అక్టోబరులోనే సంతకం పెట్టి ఇచ్చెయ్యి.

సిలబస్ రాగానే నాకు పంపు, ఒక ఆదివారం ఫోన్లో ఇద్దరం కూర్చుని తేదీలు రాసుకుందాం. మీ అమ్మ వీసా ఇంటర్వ్యూ తేదీ వచ్చిందో లేదో కూడా చెప్పు. ఆవిడ రావడం ఆలస్యమైతే కాన్పుకి నేనే వచ్చి ఉంటాను, నువ్వు క్విజ్ రాసుకునే గంట బిడ్డని నేను చూసుకుంటాను.

అల్లుడుగారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మ