డర్ట్ బైక్ క్లచ్ ప్లేట్లు ఇంట్లో మార్చుకోవచ్చు, కానీ విప్పే ముందు ఇవి చూడండి

మీరు అడిగింది ఇది: 250 సీసీ ఫోర్ స్ట్రోక్ డర్ట్ బైక్, కేబుల్ క్లచ్. ఎత్తు ఎక్కేటప్పుడు మూడో గేరులో రేజ్ ఇస్తే ఇంజిన్ అరుస్తోంది కానీ బండి లాగడం లేదు. మెకానిక్ క్లచ్ అసెంబ్లీ మొత్తం మార్చాలంటున్నాడు. ప్లేట్లు మాత్రమే ఇంట్లో మార్చుకోవచ్చా?

మార్చుకోవచ్చు. నేను నా బండికి ఇంట్లోనే రెండుసార్లు మార్చాను. రెండోసారి మార్చాల్సి రావడానికి కారణం మొదటిసారి నేను చేసిన పొరపాటే. ప్లేట్లు విప్పి కొత్తవి వేయడం ఒక పూట పని. అవి ఎందుకు అరిగాయో తెలుసుకోకుండా వేస్తే మాత్రం కొత్తవీ అదే దారిన పోతాయి. అందుకే విప్పడం గురించి చెప్పే ముందు, విప్పక ముందు చూడాల్సినవి చెప్తాను.

ముందు క్లచ్ లివర్ దగ్గర ఫ్రీ ప్లే చూడండి. లివర్‌ను వేలితో మెల్లగా లాగితే, గట్టిదనం తగలకముందు కొంచెం ఖాళీగా కదలాలి. చాలా బండ్లకు లివర్ చివర 10 నుంచి 20 మిల్లీమీటర్ల దాకా ఉండాలని మాన్యువల్‌లో రాసి ఉంటుంది. మీ మోడల్ అంకె మీ మాన్యువల్‌లో చూసుకోండి. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ప్లేట్లు అరిగేకొద్దీ ఈ ఖాళీ పెరగదు, తగ్గుతుంది. ప్లేట్ల దొంతర పలచబడి, దాన్ని పైనుంచి నొక్కి ఉంచే ప్రెషర్ ప్లేట్ లోపలికి జరుగుతుంది, దాంతో ఆ ప్లేట్‌ను నెట్టే పుష్ రాడ్‌కూ, కేబుల్ లాగినప్పుడు ఆ రాడ్‌ను కదిలించే రిలీజ్ మెకానిజానికీ మధ్య ఉన్న సందు మూసుకుపోతుంది. సందు పూర్తిగా పోయిందంటే, మీరు లివర్ పట్టుకోకపోయినా కేబులే క్లచ్‌ను కొంచెం నొక్కి ఉంచుతుంది. అప్పుడు క్లచ్ జారుతూనే ఉంటుంది, అంటే ఇంజిన్ బలం పూర్తిగా చక్రానికి అందదు, వేడెక్కుతుంది, ఇంకా తొందరగా అరుగుతుంది. నా బండిలో జరిగింది సరిగ్గా ఇదే. లివర్ బిగుతుగా ఉంటే బాగుందనుకున్నాను.

రెండోది ఆయిల్. మన బండి క్లచ్ ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి పనిచేస్తుంది. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. ఆ గుర్తు ఉంటే, ఆ ఆయిల్ తడి క్లచ్‌లో సరిపడా పట్టు ఇస్తుందని పరీక్షించారని అర్థం. కార్ల కోసం వచ్చే ఇంధనం ఆదా చేసే రకం ఆయిల్స్‌లో రాపిడి తగ్గించే రసాయనాలు కలుపుతారు. కారు ఇంజిన్‌కు అవి మంచివే, కానీ రాపిడి మీదే బతికే క్లచ్‌కు కావు. నేను బండి కొన్న కొత్తలో ఇంట్లో మిగిలిన కారు ఆయిల్ పోశాను. కొత్త ఫైబర్ ప్లేట్లు (రాపిడి పొర అతికించినవి) వేశాక రెండు వారాలకే మళ్ళీ జారడం మొదలైంది. విప్పి చూస్తే ఫైబర్ ముఖం గాజులా మెరుస్తోంది, స్టీల్ ప్లేట్ల మీద వేడికి వచ్చిన నీలం మరకలు. ఇటు ఫ్రీ ప్లే లేదు, అటు ఆయిల్ తప్పు. ఆ రెండిట్లో దేని పాపం ఎంతో ఇప్పటికీ విడదీసి చెప్పలేను, కానీ రెండూ సరిచేశాక మళ్ళీ ఆ సమస్య రాలేదు.

కాబట్టి ముందు కేబుల్ సరిచేసి, సరైన ఆయిల్ పోసి ఒకసారి నడిపి చూడండి. మూడో నాలుగో గేరులో మధ్యస్తమైన ఆర్‌పీఎం దగ్గర ఒక్కసారిగా థ్రాటిల్ పూర్తిగా ఇవ్వండి. వేగం పెరగకుండా ఆర్‌పీఎం మాత్రం ఎగబాకితే ఇక విప్పాల్సిందే.

లోపల ఏముంటుందో ముందే తెలిస్తే టెన్షన్ ఉండదు. బయట ఒక డబ్బా లాంటి బాస్కెట్, దాన్ని ఇంజిన్ తిప్పుతుంది. మధ్యలో హబ్, అది గేర్ బాక్స్ షాఫ్ట్ మీద ఉంటుంది. ఫైబర్ ప్లేట్ల చెవులు బాస్కెట్ గాడుల్లో, స్టీల్ ప్లేట్ల లోపలి పళ్ళు హబ్ మీద కూర్చుంటాయి. ఒకటి ఫైబర్, ఒకటి స్టీల్, ఇలా దొంతరగా పేర్చి పైన ప్రెషర్ ప్లేట్ పెట్టి స్ప్రింగులతో నొక్కి ఉంచుతారు. ఆ నొక్కుడే మీ బండి పట్టు. నా బండిలో 8 ఫైబర్, 7 స్టీల్ ఉన్నాయి. ఒక్కో ఫైబర్ ప్లేట్ 0.2 మిల్లీమీటర్లు అరిగిందనుకోండి, చేతిలో పట్టుకుంటే కొత్తదానికీ దీనికీ తేడా తెలియదు. ఎనిమిదింటికి కలిపితే 1.6 మిల్లీమీటర్లు. స్ప్రింగులు ఆ మేరకు వదులవుతాయి, నొక్కుడు తగ్గుతుంది. కంటితో చూసి 'బాగానే ఉన్నాయి' అనుకోవడం ఎందుకు కుదరదో ఇక్కడే అర్థమవుతుంది. మందం కొలిచే వెర్నియర్ తప్పనిసరి.

ఇక విప్పడం. ఇంజిన్ చల్లారాక మొదలుపెట్టండి. బండిని ఎడమవైపుకు బాగా వాల్చి పడుకోబెడితే ఆయిల్ తీయకుండానే కుడివైపు కవర్ విప్పొచ్చు, చాలామంది అలాగే చేస్తారు. క్లచ్ జారిన బండిలో నేను మాత్రం ఆయిల్ తీసేస్తాను. అరిగిన ఫైబర్ పొడి అంతా అందులోనే ఉంటుంది, దాన్ని కొత్త ప్లేట్లకు పోయడం దేనికి? ఆయిల్ తీశాక కూడా బండిని కొంచెం ఎడమవైపు వాల్చి ఉంచండి, ప్లేట్లు జారి కింద పడకుండా పేర్చుకోవచ్చు. కార్బ్యురేటర్ బండి అయితే పెట్రోల్ ట్యాప్ మూయడం మరిచిపోవద్దు.

కొన్ని బండ్లకు క్లచ్ మీద విడిగా చిన్న గుండ్రటి కవర్ ఉంటుంది, ఆ బోల్టులు తీస్తే చాలు. కొన్నిటికి కిక్ లివర్‌తో సహా కుడివైపు పెద్ద కవర్ మొత్తం తీయాలి, వాటర్ పంప్ దానికే ఉంటే కూలెంట్ కూడా ఖాళీ చేయాలి. మీది ఏ రకమో ముందే చూసుకోండి, పనిలో సగం తేడా అక్కడే వస్తుంది. బ్రేక్ పెడల్ అడ్డొస్తే తీసేయండి. కవర్ బోల్టులు ఒకే పొడవుండవు. ఒక అట్టముక్క మీద కవర్ ఆకారం గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టండి. పొడవాటి బోల్టు పొట్టిదాని చోట పెట్టి బిగిస్తే అల్యూమినియం పగులుతుంది. కవర్‌ను సరైన చోట కూర్చోబెట్టడానికి అంచున ఉండే చిన్న డోవెల్ పిన్నులు రెండూ ఊడి పడతాయేమో చూసుకోండి. ఇంజిన్ లోపలికి దారి కనిపించే చోట శుభ్రమైన గుడ్డ కుక్కండి. ఒక వాషర్ లోపల పడితే అది దొరికేదాకా బండి స్టార్ట్ చేయడానికి లేదు.

స్ప్రింగ్ బోల్టులను ఎదురెదురుగా, ఒక్కోటి ఒక చుట్టు చొప్పున వదులు చేయండి. ఒకే బోల్టు పూర్తిగా తీసేస్తే ప్రెషర్ ప్లేట్ ఒరిగిపోతుంది. తర్వాత ప్లేట్లు వచ్చిన వరుసలోనే టేబుల్ మీద పేర్చండి, ప్రతి దశలో ఫోటో తీయండి. ఈ ఫోటోలు ఎందుకంటే, కొన్ని బండ్లలో అన్నిటికన్నా లోపలి ఫైబర్ ప్లేట్ వేరే కొలతలో ఉంటుంది, దాని లోపల సన్నటి జడ్డర్ స్ప్రింగ్ (క్లచ్ పట్టేటప్పుడు అదురు తగ్గించే రింగు), అది కూర్చునే సీటు ఉంటాయి. స్ప్రింగ్‌కు ఒంపు ఉంటుంది, ఏ ముఖం బయటికి ఉందో చూసి పెట్టుకోవాలి. కొన్నిటిలో అన్నిటికన్నా బయటి ఫైబర్ ప్లేట్ చెవులు మిగతావాటి గాడుల్లో కాక, పక్కనున్న పొట్టి గాడుల్లో కూర్చుంటాయి. ప్రెషర్ ప్లేట్ మధ్యలోని బేరింగ్, వాషర్, పుష్ రాడ్ ఏ వరుసలో వచ్చాయో కూడా గుర్తుంచుకోండి. కొన్ని బండ్లలో పుష్ రాడ్ దగ్గర ఒక ఉక్కు గోళీ ఉంటుంది, చప్పుడు లేకుండా జారిపోతుంది.

ఇప్పుడు కొలవండి. ఈ పని తొందరపడి చేయొద్దు. ఫైబర్ ప్లేట్ మందం ఒక్కచోట కాక మూడు నాలుగు చోట్ల కొలిచి, మాన్యువల్‌లోని సర్వీస్ లిమిట్‌తో (ఇంతకన్నా అరిగితే మార్చాలనే కొలతతో) పోల్చండి. స్టీల్ ప్లేట్‌ను మందపాటి అద్దం మీద పడుకోబెట్టి అంచు కిందికి ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకు) దూరుతుందో చూడండి. వంపు పరిమితి మోడల్‌ను బట్టి మారుతుంది, చాలావాటికి 0.1 నుంచి 0.3 మిల్లీమీటర్ల మధ్యలోనే ఉంటుంది. నీలం తిరిగిన స్టీల్ ప్లేట్ వంగకపోయినా నేను తిరిగి వేయను. మొదటిసారి డబ్బు మిగులుతుందని పాత స్టీల్ ప్లేట్లనే వేశాను, ఆ మరకలున్న చోటే కొత్త ఫైబర్ కాలింది. స్ప్రింగుల పొడవు కూడా కొలవండి. ఒక్కటి పొట్టిదైనా సెట్ మొత్తం మార్చాలి, లేకపోతే నొక్కుడు ఒకపక్కకు లాగుతుంది.

మీ మెకానిక్ అసెంబ్లీ మొత్తం మార్చాలన్నాడు కదా, అది నిజమో కాదో ఇప్పుడు మీకే తెలుస్తుంది. బాస్కెట్ గాడుల పక్క గోడల మీద వేలిగోరు నడపండి. ప్లేట్ చెవులు కొట్టుకుని గంట్లు పడి ఉంటాయి. గోరుకు కొంచెమే తగిలితే సన్నటి ఆకురాయితో నున్నగా చేయొచ్చు, పొడి ఇంజిన్‌లో పడకుండా చూసుకోవాలి. గంట్లు లోతుగా ఉంటే ప్లేట్ చెవులు అందులో ఇరుక్కుని సాఫీగా జరగవు, క్లచ్ లివర్ పట్టుకున్నా బండి ముందుకు పాకుతుంది, న్యూట్రల్ దొరకదు. అప్పుడు బాస్కెట్ మార్చాల్సిందే, మెకానిక్ మాట సరైనదే అవుతుంది. దానికి హబ్ నట్ విప్పాలి, హబ్‌ను కదలకుండా పట్టే ప్రత్యేకమైన పనిముట్టు కావాలి. ప్లేట్లకు మాత్రం ఆ నట్ జోలికి పోనక్కర్లేదు.

కొత్త ఫైబర్ ప్లేట్లను, మీరు పోయబోయే ఆయిల్‌లోనే ముందురోజు రాత్రి నానబెట్టండి. ఆయిల్ పూస్తే చాలనేవాళ్ళూ ఉన్నారు, నాకు మాత్రం నానబెట్టడమే నమ్మకం. పొడిగా వేస్తే మొదటి కొన్ని నిమిషాల్లోనే కాలిపోవచ్చు.

బిగించేటప్పుడు అన్నిటికన్నా జాగ్రత్త కావాల్సింది ప్రెషర్ ప్లేట్ దగ్గర. దాని వెనక పళ్ళు హబ్ పళ్ళలో సరిగ్గా కూర్చోవాలి. ఒక పన్ను తప్పి కూర్చున్నా పైనుంచి చూస్తే అంతా బాగానే కనిపిస్తుంది. నేను రెండోసారి ఇక్కడే దెబ్బతిన్నాను. ప్లేట్ కూర్చోకుండానే బోల్టులు బిగించుకుంటూ పోయాను, హబ్ మీద బోల్టు ఎక్కే బొడిపె ఒకటి టక్కున పగిలింది. ప్లేట్ల పని కాస్తా హబ్ మార్చే పనైంది, వారం రోజులు బండి కదల్లేదు. అందుకే స్ప్రింగులు పెట్టకముందు ప్రెషర్ ప్లేట్‌ను చేత్తో నొక్కి, కొద్దిగా అటూ ఇటూ తిప్పి చూడండి. కూర్చుంటే దొంతరకు ఆనుకుని హబ్‌తో పాటే తిరుగుతుంది. కూర్చోకపోతే పై ప్లేట్లు వదులుగా కదులుతూ కనిపిస్తాయి. బోల్టులన్నీ సగం బిగించాక ఇంకోసారి చూడండి.

స్ప్రింగ్ బోల్టులు సాధారణంగా 6 మిల్లీమీటర్లవే, వాటికి దాదాపు 10 న్యూటన్ మీటర్ల టార్క్ (బిగింపు బలం) చాలు. స్పానర్‌తో అందాజుగా బిగిస్తే చేతి బలం సులువుగా దాన్ని దాటేస్తుంది, మర పోతుంది. మీ మోడల్ అంకె చూసి టార్క్ రెంచ్‌తో ఎదురెదురుగా బిగించండి. కవర్ అంచు మీది పాత ప్యాకింగ్‌ను ప్లాస్టిక్ ముక్కతో గీకండి, స్క్రూడ్రైవర్ వద్దు. గీత పడితే ఆయిల్ కారుతుంది.

కవర్ మూసే ముందు లివర్ నొక్కి చూడండి, ప్రెషర్ ప్లేట్ అన్ని వైపులా సమానంగా లేవాలి. అంతా అయ్యాక కేబుల్ ఫ్రీ ప్లే కొత్తగా సెట్ చేయాలి. పాత ప్లేట్లకు పెట్టిన కొలత కొత్తవాటికి సరిపోదు. దొంతర మందమైంది కాబట్టి ఇప్పుడు ఖాళీ ఎక్కువైపోతుంది, అలాగే వదిలేస్తే క్లచ్ పూర్తిగా విడవదు. ఆయిల్ పోసి, బండి నిటారుగా నిలబెట్టి లెవెల్ చూడండి. వెనక చక్రం పైకెత్తి గేరులో వేసి, లివర్ పట్టుకుని చక్రం చేత్తో తిప్పండి. ఆయిల్ జిగట వల్ల కొంచెం బరువుగా ఉన్నా తిరగాలి.

మొదటి రైడ్ మామూలుగా నడపండి, ఎత్తుల మీద సగం క్లచ్‌తో లాగించవద్దు. తిరిగొచ్చాక ఇంజిన్ చల్లారనిచ్చి ఫ్రీ ప్లే మళ్ళీ కొలవండి, కొత్త ప్లేట్లు సర్దుకునేటప్పుడు కొంచెం మారుతుంది. రెండు మూడు రైడ్ల తర్వాత ఆయిల్ మార్చేయండి, తీసిన ఆయిల్‌ను తెల్లటి గుడ్డ మీద వేసి చూడండి. నల్లటి మెత్తని పొడి కొద్దిగా ఉంటే కంగారు లేదు. అల్యూమినియం తళుకులు కనిపిస్తే మాత్రం బాస్కెట్ గాడులు మళ్ళీ విప్పి చూడండి.