‘ఆఁ’ అంటే ఎన్ని అర్థాలు?

సందేహం: మా మనవణ్ణి పిలిస్తే ‘ఆఁ’ అంటాడు. చెప్పింది వినపడకపోతే ‘ఆఁ?’ అంటాడు. అన్నం తిన్నావా అంటే దానికీ ‘ఆఁ’ అనే అంటాడు. ఇది హిందీ ‘హాఁ’ నుంచి మనకు అంటుకున్నదనీ, అసలు మాటే కాదు, ఉత్త చప్పుడనీ మా బంధువొకరు అన్నారు. నిజమేనా? పెద్దవాళ్ళతో అలా అనవచ్చా? రాసేటప్పుడు అరసున్న అవసరమా?

సమాధానం: మీ మనవడు మాట్లాడేది చక్కటి తెలుగు. ముందు ఆ దిగులు వదిలెయ్యండి.

ఒక్క నిమిషం ఏ ఇంట్లోనైనా చెవి ఒగ్గి వినండి. వంటింట్లోంచి తల్లి ‘ఒరే చిన్నా!’ అని పిలుస్తుంది. ‘ఆఁ’ అంటాడు, ఇక్కడే ఉన్నానని. ‘పొయ్యి మీద పాలున్నాయి, చూస్తూండు.’ ‘ఆఁ?’ అంటాడు, వినపడలేదని. ‘పాలు చూడమన్నానురా.’ ‘ఆఁ ఆఁ’ అంటాడు, సరేనని. కాసేపటికి మాడు వాసన వస్తుంది. ‘ఆఁ! పొంగిపోయాయా?’ అని తల్లి పరుగెత్తుకొస్తుంది. ‘ఆఁ... ఎన్ని పోయాయిలేవే, గుక్కెడు’ అని నాయనమ్మ మనవణ్ణి వెనకేసుకొస్తుంది. పలకడం, అడగడం, ఒప్పుకోవడం, ఉలిక్కిపడటం, తేలిగ్గా తీసేయడం. అక్షరం ఒక్కటే, పనులు అయిదు. పిలుపుకు పలికే ‘ఆఁ’ సాగుతూ నిలకడగా ఉంటుంది. అడిగే ‘ఆఁ?’ పొట్టిగా ఉండి పైకి లేస్తుంది. ఒప్పుకోలుది దిగుతుంది. తీసిపారేసేది నీరసంగా జారుతుంది. అర్థమంతా గొంతు ఎత్తడంలో, దించడంలో ఉంది.

ఇక హిందీ సంగతి. హిందీలో ‘హాఁ’ అంటే అవును, ‘ఆఁ?’ అంటే ఏమిటీ అని. బెంగాలీలో అవునుకు ‘హ్యాఁ’. ఇంత దగ్గరగా కనిపించేసరికి అరువు అనుకోవడం సహజమే. కానీ చీనా భాష దాకా వెళ్ళి చూడండి. చీనా నిఘంటువుల్లో ‘ఆ’ అనే ఆశ్చర్యార్థకాన్ని నాలుగు స్వరాల (గొంతు ఎత్తుపల్లాల) కింద నాలుగుగా విడదీసి చూపిస్తారు. మొదటి స్వరంలో ఆశ్చర్యం, మెచ్చుకోలు. పైకి లేచే రెండో స్వరంలో ‘ఏమిటీ, మళ్ళీ చెప్పు’. దిగి లేచే మూడో స్వరంలో ‘ఇదెక్కడి వింత’ అనే విస్మయం. కిందికి దిగే నాలుగో స్వరాన్ని పొట్టిగా అంటే ‘సరే’, సాగదీస్తే ‘ఓహో, ఇప్పుడర్థమైంది’. అడిగేది లేస్తుంది, ఒప్పుకునేది దిగుతుంది, అచ్చం మనలాగే! వాళ్ళు హిందీ నుంచి తీసుకోలేదు కదా. జపాను వాళ్ళు వేరే అచ్చు ఎంచుకున్నారు: దీర్ఘంగా ‘ఏ’ అంటే అవును, పొట్టిగా ఎత్తి ‘ఎ?’ అంటే ఏమిటీ అని. పద్ధతి మాత్రం అదే.

ఈ పోలిక ఎందుకొచ్చిందో నెదర్లాండ్స్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో పనిచేసిన డింగెమాన్స్, టొర్రెయిరా, ఎన్‌ఫీల్డ్ అనే ముగ్గురు పరిశోధకులు 2013లో వెలువడిన పరిశోధనలో వివరించారు. వాళ్ళు పట్టుకున్నది ‘వినపడలేదు, మళ్ళీ చెప్పు’ అనే చిన్న మాటను. పది భాషల సంభాషణలను దగ్గరగా పరిశీలించి, మరికొన్ని భాషల వివరాలతో పోల్చి చూశారు. ఒకదానికొకటి చుట్టరికం లేని భాషల్లో కూడా అది ఒకే పోలికతో కనిపించింది. ఎదుటివాడి మాట తెగిపోకముందే, తడుముకోకుండా అడగాలి. నాలుకను మెలిపెట్టే తీరిక ఉండదు. నోరు తెరిస్తే తేలిగ్గా వచ్చే అచ్చు, దానికి ప్రశ్న స్వరం, అంతే. అవసరం ఒకటే కాబట్టి అన్ని భాషలూ ఇంచుమించు ఒకే రూపానికి చేరుకున్నాయి. కాబట్టి మన ‘ఆఁ’కు హిందీలో పుట్టిల్లు వెతకనక్కర్లేదు. ఫోనెత్తి ‘హా, చెప్పు’ అంటున్నారే, ఆ హకారం మాత్రం హిందీ, ఉర్దూల సావాసంతో బలపడిందని నా అభిప్రాయం.

‘అవును’ కథ పూర్తిగా వేరు. అది ‘అగు’ అనే క్రియలోంచి వచ్చింది. కన్నడ ‘హౌదు’, తమిళ ‘ఆమ్’ కూడా ఆ ధాతువు బిడ్డలే. అందుకే ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే ‘అవును’ అని పలకం, ‘ఆఁ’ అనే పలుకుతాం.

మాటా, చప్పుడా అన్న ప్రశ్నకు ఆ పరిశోధకులు మాటే అన్నారు. తుమ్ము ఎవరూ నేర్పకుండానే వస్తుంది. ఈ మాటను పిల్లలు తమ భాషలో ఎలా పలుకుతారో విని నేర్చుకోవాలి. ఐస్‌లాండ్ భాషలో దాన్ని ‘హా’ అని గొంతు దించి అడుగుతారు, వాళ్ళ ప్రశ్నలకు స్వరం దిగడమే అలవాటు గనుక. శరీర ధర్మమే అయితే అక్కడా గొంతు పైకే లేవాలి.

మన దేశంలో ఈ తీర్పు ఎప్పుడో వచ్చేసింది. ‘నిపాత ఏకాజనాఙ్’ అని పాణిని సూత్రం. ఒకే ఒక్క అచ్చుతో ఉన్న నిపాతానికి (రూపం మారని చిన్న మాటకు), ‘దాకా’ లాంటి అర్థాలిచ్చే ఆఙ్ అనే ‘ఆ’కు తప్ప, ప్రగృహ్యం అని పేరు. అంటే తరువాత అచ్చు వచ్చినా సంధి జరగదు. ‘ఆ ఏవం ను మన్యసే’ (ఆఁ, ఇలా అనుకుంటున్నావా), ‘ఆ ఏవం కిల తత్’ (ఆఁ, అది అలాగే కదూ) అని పాణిని సూత్రాలకు పాత వ్యాఖ్యానమైన కాశికావృత్తి ఉదాహరణలు. ఇక్కడ ‘ఐవం’ అని కలపకూడదు. ఉత్త చప్పుడైతే దానికి సంధి నియమం ఎందుకు? సంస్కృత నిఘంటువు అమరకోశం ఇంకొంచెం ముందుకెళ్ళి ‘ఆ ప్రగృహ్యః స్మృతౌ’ అంటుంది. జ్ఞాపకం రావడం ఒక అర్థం. ‘ఆఁ, గుర్తొచ్చింది! తాళంచెవులు బియ్యం డబ్బా మీద పెట్టాను’ అంటామే, అదే ఇది! ఈ పోలిక కనిపించినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

తెలుగులోనూ సంధి పరీక్ష పెట్టి చూడండి. ‘మా అమ్మ’ కలిస్తే ‘మాయమ్మ’ అవుతుంది. ‘ఆఁ, అమ్మ వచ్చింది’ అన్నప్పుడు మధ్యలో యకారం రమ్మన్నా రాదు. ఇదే నియమాన్ని మన నాలుక ఎవరూ చెప్పకుండానే పాటిస్తోంది.

మర్యాద మాటకొస్తే, ‘ఆఁ’లో అమర్యాద లేదు. ఒంటరిగా వదిలేస్తే పెద్దవాళ్ళ దగ్గర కాస్త మొరటుగా వినిపిస్తుంది, నిజమే. ‘ఆఁ తాతయ్యా’, ‘ఆఁ, చెప్పండి’ అని ఒక వరసో, ఒక ‘అండీ’నో తోడిస్తే సరిపోతుంది. గోదావరి జిల్లాల వాళ్ళ ‘ఆయ్’ వినండి, అందులో వినయం ముందే కలిసిపోయి ఉంటుంది. వినపడనప్పుడు మాత్రం ‘ఆఁ?’ బదులు ‘ఏమన్నారు తాతయ్యా?’ అనడం పిల్లలకు నేర్పండి. మానిపించేయకండి. తోటిపిల్లల మధ్య ‘ఆఁ?’ అనే అననివ్వండి.

అరసున్న తప్పకుండా ఉండాలి. వాఁడు, మూఁడు, ఏనుఁగు లాంటి మాటల్లో దాన్ని పలకడం ఎప్పుడో మానేశాం కాబట్టి రాతలోనూ వదిలేశాం, అది సబబే. ‘ఆఁ’, ‘ఊఁ’లలో ముక్కుతో పలికే నాదం ఇప్పటికీ సజీవంగా ఉంది. కథలకు ఊఁ కొట్టే పిల్లవాణ్ణి అడగండి, ‘ఊ’ అని పొడిగా అనడు. పైగా అరసున్న లేకపోతే ‘ఆ పిల్ల వచ్చింది’లోని ‘ఆ’కూ దీనికీ తేడా తెలియదు. ఫోన్లలోని తెలుగు కీబోర్డుల్లో అరసున్న ఉంటుంది. అది దొరకలేదని బ్రాకెట్టు తగిలించి ‘ఆ(’ అని రాసేవాళ్ళున్నారు, దయచేసి అలా రాయకండి. పలికితే కామా, అడిగితే ప్రశ్నార్థకం, ఉలిక్కిపడితే ఆశ్చర్యార్థకం, తీసిపారేస్తే మూడు చుక్కలు పెట్టండి. గొంతు చేసే పనిని కాగితం మీద ఆ గుర్తులే చేయాలి.