వేలి సంగతి తర్వాత, ముందు కాలి పుండు చూపించండి

ప్రశ్న: నా వయసు 47. మాది భీమవరం దగ్గర పల్లెటూరు, రొయ్యల చెరువుల మీద పని. ఆరు నెలల క్రితం చెరువు నీటిని చిలికే ఏరియేటర్‌లో చెయ్యి పడి ఎడమ చూపుడు వేలు మొదటి కణుపు దాకా తెగిపోయింది. బల్లిలా ఉండే సాలమాండర్ అనే జీవికి కాలు తెగినా నరాల వల్ల మళ్లీ మొలుస్తుందని చదివి, ఆర్‌ఎంపీ చేత నరాల బలానికి ఇంజెక్షన్లు చేయించుకుంటున్నాను. ఇంకా ఎన్నాళ్లు చేయించుకోవాలి? ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. అరికాళ్లు తిమ్మిర్లు. కుడి బొటనవేలి కింద మూడు వారాలుగా చిన్న పుండు ఉంది, నొప్పి మాత్రం లేదు.

జవాబు: మీరు చివర్లో ఒక్క ముక్కలో రాసిన పుండే నన్ను కంగారు పెడుతోంది. నొప్పి లేదంటే మంచిదే అనుకుంటున్నారు కాబోలు. ఎనిమిదేళ్ల షుగర్, తిమ్మిర్లు, మానని పుండు మూడూ కలిస్తే పాదం నరాలు దెబ్బతిని నొప్పి తెలియడం లేదనే అనుమానించాలి. చూడకుండా ఖాయంగా చెప్పలేను. కానీ మూడు వారాలు ఆగడం తప్పే.

మీరు చదివింది నిజమే. 1823లోనే టాడ్ అనే ఆయన, సాలమాండర్ కాలికి వెళ్లే నరం కోసేస్తే తెగిన కాలు మళ్లీ సరిగా పెరగదని గమనించాడు. తర్వాత మార్కస్ సింగర్ అనే శాస్త్రవేత్త, తెగిన చోట నరాల పోగులు తగినన్ని ఉంటేనే కాలు మొలుస్తుందని తేల్చాడు. నరం అక్కడ కబురు మోయడమే కాదు, కణాలు పెరగడానికి కావలసిన ప్రోటీన్లు అందేలా చూస్తుంది. 2007లో లండన్ శాస్త్రవేత్తలు నరం తెగిన కాలికి అలాంటి ఒక ప్రోటీన్ అందేలా చేస్తే కాలు పెరిగింది. అయితే ఆ జీవిలో గాయం దగ్గరి కణాలు కొత్త కాలు కట్టడానికి సిద్ధమవుతాయి. మనకు ఆ ఏర్పాటు లేదు. చిన్న పిల్లల్లో గోరు దగ్గర చివర తెగితే కొంత పెరగవచ్చు. కణుపు దాకా పోయిన మీ వేలు ఏ ఇంజెక్షన్‌తోనూ మొలవదు.

ఆ ఇంజెక్షన్ల గురించి గట్టిగానే చెప్పాలి. వాటిలో చాలావరకు బీ1, బీ6, బీ12 కలిపి ఉంటాయి. బీ6 మోతాదు మించి చాలాకాలం పడితే అదే నరాలను దెబ్బతీసి తిమ్మిర్లు తెస్తుంది! నరాల బలానికి వేయించుకున్నదే తిమ్మిరి పెంచుతుండవచ్చు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో బీ12 తగ్గే మాట నిజమే, దానికి రక్త పరీక్ష ఉంది. చూసి వేసుకోవాలి, ఊహించి కాదు. మెట్‌ఫార్మిన్ మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు.

ఈ రోజు నుంచి చెరువులోకి దిగకండి. గట్టు మీద కూడా చెప్పులు లేకుండా నడవకండి, నత్తగుల్ల గుచ్చుకున్నా మీకు తెలియదు. పుండు మీద పసుపు, ఆకు పసరు పెట్టవద్దు. చుట్టూ గట్టిపడిన చర్మాన్ని బ్లేడుతో గీకవద్దు. వేడినీళ్లలో కాళ్లు పెట్టవద్దు.

రేపే ఆసుపత్రికి వెళ్లండి. మూడు నెలల సగటు షుగర్, పాదం స్పర్శ, రక్త ప్రసరణ చూస్తారు, ఎముకకు చీము పట్టిందేమోనని ఎక్స్‌రే తీయవచ్చు. పుండు చుట్టూ ఎరుపెక్కినా, వాసన వచ్చినా, నల్లబడినా, జ్వరం తగిలినా రేపటి దాకా కూడా ఆగవద్దు. ఇంతవరకు చేయించుకున్న ఇంజెక్షన్ల సీసాలు గానీ, చీటీలు గానీ వెంట తీసుకెళ్లండి, బీ6 ఎంత పడిందో అక్కడి డాక్టర్ లెక్క చూసుకుంటారు.