రోజ్‌మేరీస్ బేబీ: నవల ముందా, సినిమా ముందా?

దయ్యమే సరిగా కనిపించని ఈ సినిమాకి అంత భయపడతారెందుకు, నవల ముందు చదవాలా అని అడిగారు. సినిమానే ముందు చూడండి. నవల తర్వాత చదివినా పోయేదేమీ లేదు.

నేను మాత్రం కాలేజీ రోజుల్లో నవలే ముందు చదివాను. ఐరా లెవిన్ 1967లో తెచ్చిన పుస్తకం, పట్టుకుంటే వదలబుద్ధి కాదు. 1968లో రోమన్ పొలాన్‌స్కీ దాన్ని పెద్దగా మార్చకుండా తీశాడు, మాటలు కూడా చాలావరకు పుస్తకంలోవే. ఏ మలుపు ఎక్కడొస్తుందో తెలిసి కూర్చున్నా నాకు టెన్షన్ తగ్గలేదు. రోజ్‌మేరీ చెప్పేది ఎవరూ నమ్మరు, అసలు భయమంతా అక్కడే ఉంది.

న్యూయార్క్‌లో ఓ పాత అపార్ట్‌మెంట్‌లోకి కొత్త జంట దిగుతుంది. (బయటి నుంచి చూపించేది అక్కడి డాకోటా భవనాన్ని.) రోజ్‌మేరీ నెల తప్పుతుంది. పక్కింటి పెద్దావిడ మిన్నీ రోజూ ఏవో ఆకులు కలిపి గ్లాసుడు పానీయం తెస్తుంది. డాక్టరు అదే తాగమంటాడు, మొగుడూ తాగమంటాడు. కడుపులో నొప్పి అంటే మామూలేలే, తగ్గిపోతుంది అంటారు. మన ఇళ్లలో కడుపుతో ఉన్న అమ్మాయికి వీధివీధంతా సలహాలిస్తుంది కదా, నాకు ఆ సీన్లేవీ పరాయివిగా అనిపించలేదు. మా అక్కయితే "ముందు ఆవిణ్ణి ఇంట్లోకి రానివ్వకు తల్లీ" అని టీవీ మీద కేకలేసింది. మిన్నీగా వేసిన రూత్ గోర్డన్‌కి ఆస్కార్ ఊరికే రాలేదు.

ఇక చూపించకుండా భయపెట్టడం సంగతి. ఒకచోట మిన్నీ పడగ్గదిలో ఫోన్ మాట్లాడుతుంటే కెమెరా బయటే ఉండిపోతుంది, గుమ్మం ఆవిణ్ణి సగం కప్పేస్తుంది. ఆవిడ కనిపిస్తుందేమోనని మెడ పక్కకి వంచి చూశాను! అప్పట్లో థియేటర్లో జనం కూడా అలాగే వంగారట. ఇంకోచోట రోజ్‌మేరీ ఫోన్ బూత్‌లో ఉంటుంది, షాట్ కట్ కాకుండా సాగుతూనే ఉంటుంది. ఇంతలో బయట ఒకాయన మనకి వీపు పెట్టి నిలబడతాడు. డాక్టరే వచ్చేశాడేమో అని గుండె దడదడలాడింది. ఆయన ఇటు తిరిగితే ఎవరో వేరే మనిషి. నిజానికి ఆయన ఈ సినిమా నిర్మాత విలియం కాసిలే.

నవల చివర్లో లెవిన్ బిడ్డ కళ్లు, గోళ్లు, తోకతో సహా వర్ణిస్తాడు. సినిమా బిడ్డని చూపించదు, రోజ్‌మేరీగా వేసిన మియా ఫారో ముఖం చూసి మనమే ఊహించుకోవాలి. నాకు పుస్తకంలోని రూపమే కళ్లముందు కదిలింది. మా అక్క నవల చదవలేదు, తను ఊహించుకున్నది విన్నాక దాని ముందు పుస్తకంలోని రూపం అంత భయంకరం కాదనిపించింది. సినిమా ముందు అని నేననేది అందుకే.

మొదటి అరగంట నెమ్మదిగా నడుస్తుంది, ఓపిక పట్టండి. మధ్యలో ఒక పీడకల సీన్ ఉంది, అది పిల్లలతో కూర్చుని చూసేది కాదు. ఇంట్లో ఎవరైనా కడుపుతో ఉంటే వాళ్లకి ప్రసవం అయ్యాకే పెట్టండి.